పంతొమ్మిది సింహాలు

గేటు కాడ తెల్లారుజామున అయిదున్నర.
ఆత్రం జంగు జిప్సీ అద్దం తుడుస్తున్నడు,
నేను ఖాకీ అంగీ గుండీలు పెట్టుకుంటున్న.
వెనక సీట్లకు ఎక్కినాయన
కెమెరాను చంటిపిల్ల లెక్క ఒళ్ళో కూసుండబెట్టుకొని
"తెలుగొచ్చినోళ్ళు ఎవరన్న ఉన్నరా" అని హిందీల అడిగిండు.
"నాకొచ్చు సారూ."
చంద్రపూరు జిల్లాల తెలుగేందని ఆయనకు నవ్వొచ్చింది.
"పుట్టింది రాజురా దిక్కు,
మా నాయిన బొగ్గుబాయిల జేసిండు,
నన్నిచ్చింది ఈ గేటూరికి.
ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ,
జంగుతోని కొట్లాడేటప్పుడు గోండి."
జంగు గేరు మార్చిండు.

హనుమకొండల పళ్ళ డాక్టరట.
పోయినేడు ఆఫ్రికా పోయొచ్చిండు.
మొదటి మలుపు తిరగకముందే మొదలువెట్టిండు:
"అక్కడ చెట్లే అడ్డం రావమ్మా,
ఆకాశం గడ్డిదాకా దిగి ఉంటది.
ఒక్క పొద్దుట పంతొమ్మిది సింహాలు లెక్కవెట్టినం.
ఏనుగుల మంద మా బండిని దాటిపోయేసరికి
చాయ చల్లారిపోయింది.
కొమ్ముల జంతువులు వేలకు వేలు
నదిలకు దుంకుతుంటే
నీళ్ళు కనబడలేదు."

నాకు ప్రాణహిత గుర్తొచ్చింది.
పుష్కరాలకు
మా నాయిన భుజాలమీదికెల్లి జూసిన నది.
అండ్ల గూడ నీళ్ళు కనవడలె, తలకాయలే.

"ఇక్కడ పులి కనబడుతదంటవా?"
చెయ్యెత్తిన. జంగు ఇంజను బందువెట్టిండు.
మట్టి తొవ్వల నిన్నటి జిప్సీ టైరు గీత,
గీత మీద పంజా.
అంచుల దుమ్ము ఇంకా కూలలె.
"ఆడది సారూ. పిల్ల ఎంటున్నది.
రాత్రి మనం పోయినంక పోయింది."
ఆయన దిగబోయిండు. దిగొద్దన్న.
కొండెంగల కూతకు చెవులిచ్చి కూసున్నం.
వెదురుల గాలి.
దూరంగ ఒక్క కణుజు అరిచింది,
మళ్ళ అరవలె.

అగో, ఆ మలుపు దాటినంక ఇప్పచెట్టున్నది.
"దీని పువ్వుతోని సారా గాస్తరు" అని మాత్రం చెప్త,
అందరికీ అంతే చెప్త.
మా అత్త లచ్చుబాయి
చైత్రంల, తెల్లారకముందు, వంగి పువ్వేరుతుంటే...
వంగినోళ్ళు మనిషి లెక్క కనవడరట దానికి.
గంప దొరికింది, సగం నిండి ఉన్నది.
చెక్కొచ్చింది, రేకులేసినం.
తర్వాతేడు గైడు ట్రెయినింగుకు ఆడోళ్ళు కావాలన్నరు.
ఎవ్వరు పోలె. నేను పోయిన.
పులిమీద కోపం లేదా అని
పేపరాయనొకడు అడిగిండు ఒకసారి.
ఏం జెప్పాలె?
ఆ గంపల పువ్వు
ఎండవోసి అమ్మినం గూడ.

డాక్టరు సారు ఇప్పచెట్టు ఫోటో తీసిండు.
మంచి వెలుగన్నడు.

తిరుగు తొవ్వల నేనడిగిన:
"సారూ, ఆ గడ్డిల ఎవరన్న ఏమన్న ఏరుకుంటరా?"
"ఎవరు?"
"మనుషులు."
"మనుషులా..." అనుకుంట కెమెరాల వెతికిండు.
వేలితోని జరుపుకుంట, జరుపుకుంట,
సింహం, సింహం, సింహం పళ్ళు,
ఎర్రబట్ట కప్పుకున్న పొడుగాటాయన ఒక్కడు,
దూరంగ, మసకగ.
"మీ బండి నడిపినాయన?"
"చాలా మంచోడు. వారం రోజులు మాతోనే ఉన్నడు.
పేరూ..."
పేరు గేటు దాక రాలె.
జంగు అద్దంలకెల్లి నన్ను జూసిండు.

దిగినంక అయిదువందలు చేతిల వెట్టి
"పులి కనబడకున్నా బాగుంది" అన్నడు.
అబద్ధమాడుడు రాదు పాపం.
రెండడుగులు పోయి, వెనకకొచ్చి
"నీ పేరేందమ్మా?"
"పోచుబాయి."
"ఆయనది?"
"ఆత్రం జంగు."
ఫోనుల రాసుకున్నడు, తప్పో ఒప్పో.

పొద్దుగూకినంక జంగు, నేను, ఒక టార్చి,
గట్టిగ మాట్లాడుకుంట ఊరికి నడిసినం.
చెప్పుకునేటందుకు ఏం లేకున్నా గట్టిగ.
ఇప్పచెట్టు కాడ ఇంకొంచెం గట్టిగ.

ఇంట్ల నా బిడ్డ రోజూ అడిగేదే అడిగింది:
"ఇయ్యాల ఏం జూసినవే అమ్మా?"
"ఆఫ్రికా జూసొచ్చినాయన్ని జూసిన."
"ఎట్లున్నడు?"
బియ్యం కడుక్కుంట ఆలోచించిన.
"పళ్ళు మంచిగున్నయి" అన్న.